పసుపు పూసిన పట్టాలు

మా బాపు ఇంట్లో "అరె!" అని కేకేస్తే అన్నయ్య, నేను, దుకాణంలో పనిచేసే ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడతాం. ఎవర్ని పిలిచాడో ఆయన చెప్పడు, మేమూ అడగం. నా మొదటి బొమ్మ రైళ్లు కూడా సరిగ్గా ఇలాగే నడిచేవి.

నాందేడ్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. దాని మీది గదిలో నేను రైల్వే నడుపుతాను. ఒక పెద్ద బల్ల, దాని మీద గుండ్రంగా పట్టాలు, బండ్లు ఎదురుపడితే ఒకటి తప్పుకోవడానికి పక్కన లూప్ లైను, అట్టతో చేసిన స్టేషను. ఇంజినీరింగ్ చదివి కుక్కర్లు అమ్మేవాడికి ఈ మాత్రం బలహీనత ఉండొచ్చని అమ్మ అభిప్రాయం. బాపు అభిప్రాయం అచ్చు వేయదగ్గది కాదు.

మొదట్లో ఉన్నదల్లా ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి ఒక డబ్బా. తిప్పితే పట్టాల్లో కరెంటు పెరిగి ఇంజన్లన్నీ కదిలేవి. తగ్గిస్తే అన్నీ ఆగేవి. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడపాలంటే పట్టాలను ముక్కలుగా కోసి, ముక్కకో తీగ, తీగకో స్విచ్చి పెట్టాలి. పెట్టాను. కొన్నాళ్లకు బల్ల కింద సేమ్యా గిన్నె బోర్లించినట్టయింది. ఏ స్విచ్చి ఏ ముక్కదో గుర్తుపెట్టుకోవడానికే నా చదువంతా సరిపోయింది.

తర్వాత డిజిటల్ వచ్చింది. ప్రపంచానికి చాలా ముందే వచ్చిందట. నాందేడ్ చేరేలోపు దారిలో ఎక్కడో క్రాసింగ్ పడినట్టుంది. ఇందులో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఆజ్ఞలూ అందులోనే కలిసి ప్రయాణిస్తాయి. ప్రతి ఇంజన్ కడుపులో ఒక చిప్పు, దానికో నంబరు. తన నంబరు వినబడితేనే కదులుతుంది. అంతా మా వంటింటి పద్ధతే: అన్నం అందరికీ, తిట్లు ఒక్కరికే.

మొదటి రోజు రెండు ఇంజన్లూ మళ్లీ కలిసే కదిలాయి. ఫ్యాక్టరీ నుంచి అన్నీ మూడో నంబరుతోనే వస్తాయని ఆ తర్వాత చదివాను. బాపు మెట్ల మీద నిలబడి చూసి, "గిది పాత డబ్బా గూడ చేసేదే గదరా" అన్నాడు. ఒకదానికి ఏడో నంబరు పెట్టాను. ఆయన అప్పటికే కిందికి దిగిపోయాడు.

అసలు చిక్కు దసరాకు వచ్చింది. దీపావళి ముందు ధనత్రయోదశికి ఊరంతా గిన్నెలు కొంటుంది. ఆ సరుకు దించడానికి బాపుకు చోటు కావాలి.

"దసరా నాడు పొద్దుగాల లారీ అస్తది. మీది గది ఖాళీ జెయ్యి."

"బాపూ, నా రైలు గిప్పుడే కుదిరింది."

"ఏం కుదిరింది? ఎదురెదురుగ రెండు బండ్లు పెట్టు. ఒకటి ఆగాలె, ఒకటి పోవాలె. ఖండేనవమి నాడు అక్క ముంగట చూపియ్యి. నడిచిందా, గది నీది. లేదా, కుక్కర్లది."

ఖండేనవమి అంటే దసరా ముందురోజు, పనిముట్లకు పూజ చేసే పండుగ. అక్క అంటే ముఖేడ్‌లో ఉండే మా మేనత్త. ఈ లోకంలో బాపు భయపడేది ఆమెకూ, జీఎస్టీకీ.

ఖండేనవమి ముందురోజు దాకా రెండు బండ్లూ గడియారంలా నడిచాయి. పండుగ మధ్యాహ్నం అత్త కుర్చీలో, బాపు బోర్లించిన పెద్ద గంజు గిన్నె మీద కూర్చున్నారు. ఇప్పుడు రెగ్యులేటర్ నా ఫోనే. మూడును నొక్కాను. బెత్తెడు కదిలి ఆగింది. దాని దీపం మిణుకుమంది. ఏడు ఆ మాత్రం కూడా చేయలేదు.

"బ్రేకులు మంచిగున్నయి" అన్నాడు బాపు.

చదువుకున్నవాణ్ణి కదా, తప్పు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుందని నమ్మాను. ఫోన్ ఆపి వేశాను. నంబర్లు మార్చాను, మళ్లీ మార్చాను. చివరికి ఇంజన్ దగ్గరికి వంగితే పసుపు వాసన వచ్చింది.

అమ్మ పొద్దున్నే తరాజుకు, గల్లాకు, స్కూటరుకు, బిల్లు ప్రింటరుకు పూజ చేసి పైకి వచ్చింది. ఇంజన్లకు బొట్టు పెడుతుందని నేను అనుకున్నదే. పట్టాలకు మాత్రం, గడపకు పూసినట్టు, చుట్టూ పసుపు పూసింది. ఎక్కడా జానెడు వదల్లేదు. అది ఆరి గట్టిపడింది. చక్రానికి పట్టా తగలకపోతే ఇక ఆజ్ఞ చేరేదెలా?

"పట్టాలకెందుకమ్మా?"

"మరి బండి దేని మీద నడుస్తది? ఇంజన్‌కు పెట్టి దానికి పెట్టకుంటే మంచిగుంటదా?"

పట్టాలు తుడుద్దామని జేబురుమాలు తీశాను.

"ఏయ్, నక్కో, వద్దు!" అంది అత్త. "పూజ జేసింది గిప్పుడే తుడుస్తరారా?"

బాపు లేచాడు. "అయితే అయిపాయె. కుక్కర్లకు జాగ దొరికింది."

"నువ్వు గూసో తమ్మీ. పూజకు పెట్టిన ఔజారు ఇయ్యాల నడపద్దు. నీ తరాజు నడుపుతున్నవా?"

"లేదు."

"మరి ఆని బండికి పరీక్ష ఏంది? రేపు సీమోల్లంఘన్ అయినంక చూస్త."

"అక్కా, పొద్దుగాల లారీ..."

"లారీకి గూడ ఇయ్యాల పూజనే. ఇయ్యాల బయలెల్లకుంటె పొద్దుగాల ఎట్లస్తది?"

బాపు మళ్లీ గంజు మీద కూర్చున్నాడు.

మర్నాడు సీమోల్లంఘన్‌కు ఊరి పొలిమేర దాటి వచ్చి, బంగారమంటూ ఆకులు పంచుకుని, అందరం పైకెక్కాం. అప్పటికే పట్టాలు తుడిచి పెట్టాను. ఏడు లూప్ లైన్లో ఆగింది. మూడు దాని పక్కనుంచి దర్జాగా వెళ్లిపోయింది.

"ఆగినదాన్ని నడుపు, నడిచినదాన్ని ఆపు" అంది అత్త. ఆమె మామూలు పరీక్షకురాలు కాదు. అదీ చేశాను.

బాపు చెయ్యి చాచాడు. "ఫోన్ ఇటియ్యి."

మూడును కదిలించాడు. ఆపాడు. మళ్లీ కదిలించి మళ్లీ ఆపాడు.

"ఈ ఇంట్ల నేను ఆగుమంటె ఆగింది ఇదొక్కటే" అన్నాడు.

కింద లారీ హారన్ వినిపించింది. బాపు ఫోన్ మీంచి కళ్లు తీయకుండా "అరె!" అన్నాడు. అందరం లేచాం. ఆయన లేవలేదు.

కుక్కర్లు అన్నయ్య పడకగదికి వెళ్లాయి. వదిన నాతో అవసరమైన మేరకు మాట్లాడుతోంది. మూడో నంబరు ఇప్పుడు బాపుది. వచ్చే ఖండేనవమికి పసుపు పట్టాల బయటి అంచుకే పూస్తానని అమ్మ ఒప్పుకుంది. పైన మాత్రం ఒక్క బొట్టు తప్పదట, అదీ స్టేషన్ ముందర. అక్కడ ఎట్లాగూ బండి ఆగేదే కదా అంటోంది.