జహంగీర్ ఉస్తాద్ పసుపు టేపు

మొన్న మధ్యాహ్నం ఒక కొత్త బండికి జీపీఎస్ పెడుతున్నాను. సీటు తీసి బ్యాటరీ పక్కన వైరు అతుకుతుంటే సోల్డరింగ్ కడ్డీ జారి పక్క వైరు తొడుగుకు తగిలింది. సన్నగా పొగ లేచింది. కాలిన ప్లాస్టిక్ వాసన. గోరంత మేర కూడా కాలలేదు. అయినా కడ్డీ కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాను. పదిహేనేళ్లుగా ఆ వాసన వస్తే నేను ముందు చూసేది వైరును కాదు, పెట్రోలు ట్యాంకును.

బండి యజమాని ఇంటింటికీ సామాన్లు చేరవేసే యువకుడు. నన్ను చూసి నవ్వి, "భయపడ్తున్నవేందన్నా, గిదే పని గద నీది" అన్నాడు. తర్వాత మాటల్లో మాటగా ఒక కథ చెప్పాడు. వెనుకట సిద్దిపేటలో జహంగీర్ అని ఒక ఉస్తాద్ ఉండేవాడట. ఉద్యమం రోజుల్లో ఆయన వైరింగు చేసిన బండి ర్యాలీ నడుమ అంటుకుని ఒక మనిషి కాలు కాలిందట. వాళ్ల నాయన చెప్పాడట. నేను పని ముగించి పంపించాను. ఆ యువకుడు ఉస్తాద్‌ను ఎన్నడూ చూడలేదు. చూడనివాడి దాకా కూడా ఆ అబద్ధం చేరింది. దాన్ని ఇన్నాళ్లూ బతకనిచ్చింది నేను. అసలు జరిగింది తెలిసిన మనిషిని కూడా ఇప్పుడు నేనొక్కడినే.

పాత బస్టాండు వెనక రేకుల షెడ్డు ఉస్తాద్‌ది. నేను పనిచేసే రైసు మిల్లు మూతపడ్డాక, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, భార్యను, ఆరు నెలల బిడ్డను ఇంట్లో పెట్టి ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన పెద్దగా ఏమీ అడగలేదు. ఒక పాత బ్యాటరీని షెడ్డు బయట మట్టిలో పెట్టించారు. మూరెడు వైరు ఇచ్చి రెండు కొనలూ రెండు పక్కలా ఆనించమన్నారు. ఆనించాను. కళ్లు మూసి తెరిచేలోపు వైరు ఎర్రబడి, తొడుగు కరిగి బొట్లుబొట్లుగా కారింది. వదిలేసి దూరం దూకాను. ఆయన అదే వైరు ముక్కకు ఒక చిన్న గాజు ఫ్యూజు కలిపి మళ్లీ ఆనించారు. లోపలి తీగ టిక్కుమని తెగింది, అంతే. వైరు చల్లగా ఉంది.

"నర్సింలూ, నువ్వు ఇంట్ల బల్బు పెడ్తలేవు. పెట్రోలు ట్యాంకి కింద పనిజేస్తున్నవ్" అన్నారు. "ఫ్యూజు పోయిందంటే అది చెడిపోయినట్టు కాదు. మనిషిని బతికిచ్చి అది సచ్చినట్టు. ఎందుకు పోయిందో చూడాలె, తర్వాతనే కొత్తది పెట్టాలె."

ఆయన పని నిదానం. ఏ సామాను బిగించినా దాని వైరు బ్యాటరీ నుంచి విడిగా రావాలి, బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. అంతా అయ్యాక బండి మీద కూర్చుని, హారను నొక్కి పట్టుకుని, హ్యాండిల్‌ను ఇటు చివరికీ అటు చివరికీ ఇరవైసార్లు తిప్పేవారు. హ్యాండిల్ మెడ దగ్గర వైరు నలిగితే హారను గొంతు తడబడుతుంది. గిరాకీలు విసుక్కునేవారు. "ఉస్తాద్, హ్యాండిల్ ఊడబీక్తవా ఏంది" అని ఒకాయన అంటే, "గీడ ఊడితే నేను పెడ్త. రోడ్డు మీద ఊడితే నిన్ను ఎవలు పెడ్తరు" అన్నారు. చివరికి నల్లటేపు మీద, ఫ్యూజు దగ్గర, రెండు చుట్లు పసుపు టేపు వేసేవారు. అది ఆయన సంతకం. కొమురవెల్లి జాతరకు వచ్చే బండ్లు మొదలుకొని మద్దూరు, బెజ్జంకి రైతుల బండ్ల దాకా ఆ పసుపు పట్టీ కనిపించేది. పాత బండి కొనేవాళ్లు సీటు లేపి దాని కోసం చూసేవారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్న రోజులు. ఊరంతా రోడ్ల మీదే ఉండేది. ఉస్తాద్ కూడా సాయంత్రాలు దీక్షా శిబిరంలో కూర్చునేవారు. బెజ్జంకి వైపు సత్తయ్య అనే గీత కార్మికుడు ఉండేవాడు. ఏ ర్యాలీకైనా అతని బండే ముందు, అతని గొంతే ముందు. బెజ్జంకి దాకా తీయబోయే బండ్ల ర్యాలీ కోసం అతని బండికి మైకు, యాంప్లిఫయరు ఉస్తాదే బిగించారు. బిగించి గట్టిగా చెప్పారు: "గీ రెండే. ఇంకోటి తగిలిస్తే ఫ్యూజు ఆగది." సత్తయ్య సరేనన్నాడు.

ర్యాలీ రోజున బంద్. దుకాణాలన్నీ మూశారు. ఉస్తాద్ దగ్గరి బంధువు చనిపోతే తెల్లవారే మద్దూరు వెళ్లారు, షెడ్డు తాళంచెవి ఆయనతోనే ఉంది. నేను నా బండి మీద ర్యాలీకి వెళ్లాను. అక్కడ సత్తయ్య దోస్తులు అతని బండికి రెండు ఫోకస్ లైట్లు, ఇంకో హారను తెచ్చి అదే వైరుకు కలిపేశారు. స్విచ్చి వేయగానే ఫ్యూజు పోయింది. పక్కన కట్టి ఉన్న ఇంకో ఫ్యూజు పెట్టారు, అదీ పోయింది. వెనక వందల బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఎవరో నా పేరు పిలిచారు. ఉస్తాద్ శిష్యుడు వచ్చిండని జనం దారి ఇచ్చారు.

నేను చేయాల్సిందేమిటో నాకు తెలుసు. లైట్లు తీసేయాలి. వైరు ఎక్కడైనా నలిగిందేమో వెతకాలి. "లైట్లు తీస్త" అన్నాను కూడా. సత్తయ్య నా భుజం మీద చెయ్యేసి, "తీసుడేందిరా భాయ్, ఇంతమంది ముంగట ఇజ్జత్ తీస్తవా. జల్ది చెయ్యి" అన్నాడు. కొత్త ఫ్యూజు కొనడానికి ఊళ్లో ఒక్క షట్టరు కూడా తెరిచి లేదు. ఒకాయన సిగరెట్టు వెలిగించి ఖాళీ పెట్టె పక్కన పడేశాడు. అందులోని వెండి కాగితం చింపి, సీటు కిందికి వంగి ఎవరికీ కనిపించకుండా కాలిన ఫ్యూజుకు చుట్టి, మళ్లీ లోపల పెట్టాను. లైట్లు వెలిగాయి, మైకు పలికింది, జనం కేకలు వేశారు. నా ముఖానికి గులాలు పూశారు. చిరిగిన పాత టేపు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని, నా జేబులోని పసుపు టేపు తీసి రెండు చుట్లు వేశాను. ఆయన సంతకం నేను పెట్టాను.

కరీంనగర్ రోడ్డు ఎక్కాం. నేను సత్తయ్యకు నాలుగు బండ్ల వెనక ఉన్నాను. నినాదాల మధ్య ఆ వాసన వచ్చింది. గాలికి పోయింది, మళ్లీ వచ్చింది. మైకు గరగరలాడి ఆగింది. ట్యాంకు కింద నుంచి తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. సత్తయ్య దూకబోయాడు గాని బండి అతని కాలి మీద పడింది. పెట్రోలు పేలుతుందని ముందున్నవాళ్లు పరుగెత్తారు. ఇద్దరు ముగ్గురు మాత్రం మట్టి చల్లి, జెండాలు తడిపి కప్పి, అతన్ని బయటికి లాగారు. నేను వాళ్లలో లేను. నేను నా బండి హ్యాండిల్ పట్టుకుని, నిలబడిన చోటే ఉండిపోయాను.

సత్తయ్యను దవాఖానకు తీసుకెళ్లారు. కాలిన బండిని ట్రాలీలో షెడ్డు ముందుకు తెచ్చి పడేశారు. ఉస్తాద్ వచ్చేసరికి యాభై మంది ఉన్నారు. నేను ఫ్యూజు మార్చానంతే అనుకున్నారు, అందరి వేలూ బండికి మైకు బిగించిన ఆయన మీదే. ఆయన అవతలివాళ్లకు అమ్ముడుపోయాడని ఒకడన్నాడు, కావాలనే చేశాడని ఇంకొకడన్నాడు. నిన్నటిదాకా ఆయన పక్కన శిబిరంలో కూర్చున్నవాళ్లే. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే నన్ను అక్కడే చంపేస్తారనిపించింది. ఇంట్లో బిడ్డ గుర్తుకొచ్చింది. నాకు అప్పుడు కలిగిన భయానికి కారణం ఉంది. ఆ తర్వాత పదిహేనేళ్ల భయానికి లేదు.

ఉస్తాద్ నేరుగా వెళ్లి బండి దగ్గర కూర్చున్నారు. బ్లేడుతో టేపు కోశారు. ఫ్యూజు బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. నల్లబడ్డ గాజు మీద వెండి కాగితం ఇంకా కొంచెం మెరుస్తోంది. ఆయన తల ఎత్తి నన్ను చూడలేదు. నా చేతులను చూశారు. తర్వాత దాన్ని చొక్కా జేబులో వేసుకుని లేచారు.

"పని నా దుకాన్‌ది" అన్నారు. "ఏమన్నా అనాల్నంటే నన్ను అనున్రి."

జనం నోటికొచ్చినట్టు అన్నారు. షెడ్డు బోర్డు పీకేశారు. మరుసటి వారం నుంచి ఊళ్లో జనం సీట్లు లేపి పసుపు టేపు ఊడదీయడం నేను కళ్లారా చూశాను. షెడ్డు ముందు రోజుకు పది బండ్లు ఆగే చోట ఒకటీ అరా ఆగేవి. వచ్చిన ఆ ఒక్క బండికీ ఉస్తాద్ నాతోనే ఫ్యూజు పెట్టించేవారు. ఒక్కసారి కూడా తెరిచి చూసేవారు కాదు. తిట్టినా, కొట్టినా, వెళ్లిపొమ్మన్నా నాకు ఊపిరి ఆడేది. ఆయన అడుగుతారని ప్రతి పొద్దున భయపడేవాడిని, అడగలేదని ప్రతి సాయంత్రం ఇంకా భయపడేవాడిని.

ఒక్క మాట మాత్రం అడిగేవారు. "సత్తయ్య దగ్గరికి పోయినవా?"

పోలేదనేవాడిని. "పో" అనేవారు. నెలకోసారి అలా అడిగి, కొన్నాళ్లకు అదీ మానేశారు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా సంబరాల్లో ఉంటే ఆయన షెడ్డులో కూర్చుని రేడియో విన్నారు. ఆ తర్వాత ఏడాది తిరగకముందే పోయారు. జనాజాకు మేం పదకొండు మందిమి ఉన్నాం. ఆయన పనిముట్లు నాకే ఇమ్మని చెప్పారని ఆయన భార్య చెప్పింది. వాటితోనే ఇప్పటికీ బతుకుతున్నాను.

ఆ యువకుడు వచ్చి వెళ్లిన మర్నాడు నా షెడ్డు మూసి బెజ్జంకి వెళ్లాను. సత్తయ్య ఇప్పుడు ఇంటి ముందు చిన్న కిరాణా నడుపుతున్నాడు. ఎడమ కాలు సరిగ్గా వంగదు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. వెండి కాగితం, టేపు, అన్నీ. అతను త్రాసు పళ్లెం తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"ఉస్తాద్ దవాఖానకు ఏడుసార్లు అచ్చిండు" అన్నాడు తుడుస్తూనే. "పండ్లు పట్టుకొని గుమ్మంల నిలబడేటోడు. నేను గోడదిక్కు తిరిగి పండుకున్న. ఒక్కసారి గూడ లోపలికి రమ్మనలే."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు జెప్తే ఏమైతది. ఆయన్ని నేనొక్కన్నే అన్ననా? ఊరు ఊరంత అన్నది. పోయి ఊరికి జెప్పు."

అందుకే ఈ పత్రిక ద్వారా ఊరికి చెబుతున్నాను. ఆ రోజు జహంగీర్ ఉస్తాద్ మద్దూరులో ఉన్నారు. ఆయన చేసిన పనిలో తప్పు లేదు. ఆయన పెట్టిన ఫ్యూజు రెండుసార్లు సత్తయ్యను కాపాడింది, మూడోసారి దాన్ని పనిచేయనివ్వనిది నేను. ఇది అచ్చయ్యాక నా షెడ్డుకు ఎవరు వస్తారో, ఎవరు రారో తెలియదు. నా బిడ్డకు ఇప్పుడు పదహారేళ్లు, తనకు ఇంకా చెప్పలేదు. ఈ కాగితం పంపే ముందు ఇంట్లో చదివి వినిపించాలి. ఇప్పుడు వంటింట్లో తన మాట వినిపిస్తోంది. పిలవాలి.