పెళ్ళిచూపుల్లో నేను చెప్పిన నిరుద్యోగ పాఠం

ఒకరి పెళ్ళిని నిర్వచనాలతో చెడగొట్టవచ్చని మీకు తెలుసా? తెలియకపోతే నా దగ్గరకు రండి, నేర్పిస్తాను. ఎకనామిక్స్‌లో ఎంఏ ముగించిన కొత్తలో, సొంత అన్న పెళ్ళిచూపుల్లో, బజ్జీ నములుతూ నేను ఆ ఘనకార్యానికి పూనుకున్నాను.

మాది తమిళనాట తేని ఊళ్ళో ఏలకుల షాపు. నాయన, చిన్నాయన, అన్న ముగ్గురూ అందులోనే. మా వాళ్ళల్లో మగపిల్లవాడు చదువు ముగిస్తే ఉద్యోగం వెతకడు, షాపులో ఇంకో కుర్చీ వేస్తారు, అంతే. అన్న అలా వచ్చి కూర్చున్నవాడే. బంగారం లాంటి మనిషి. కాలేజీకి వెళ్ళే రోజుల్లో నాకు బస్సు తప్పినప్పుడల్లా బండి మీద వెంటాడి మరీ ఎక్కించేవాడు. అప్పటికే కొన్ని సంబంధాలు తప్పిపోయాయి. ఈ పోదనూరు ఊరి అమ్మాయి ఫోటోను మాత్రం ఫోనులో చూసుకుంటూ తనలో తాను నవ్వుకునేవాడు. ఇది కుదరాలని ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ ఆశ.

అమ్మాయి అక్కడే స్కూల్లో టీచరు. ఆమె తండ్రి రైల్వేలో రిటైరైనాయన. కాఫీలయ్యాక ఆయన నావైపు తిరిగారు.

"ఏం అమ్మణీ, ఎకనామిక్స్ చదివినావంట. ఊళ్ళో ఇంతమంది పిల్లకాయలు సుమ్మా ఊరకనే కూర్చోనుండారే, వాళ్ళంతా అన్‌ఎంప్లాయ్డేనా?"

అడగకూడని మనిషిని అడిగారు, పాపం.

"అట్ల కాదు మామా. పని లేకుంటే చాలదు, వెతుకుతా ఉండాల. వెతకనోళ్ళను ఆ లెక్కలోనే చేర్చరు."

"అట్లయితే పొద్దంతా ఇంట్లో పండుకోనుండేవాడు?"

"వాడు నిరుద్యోగి కూడా కాడు మామా!"

ఆయన పకపకా నవ్వారు. అక్కడ ఆపి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆ నవ్వు నా తలకెక్కింది.

"ఇంకో రకం ఉండాది. ఇద్దరు చేసే పనిని ముగ్గురు చేస్తా ఉంటారు. ఒకర్ని తీసేసినా పని తగ్గదు. అది కంటికి కనపడని నిరుద్యోగం."

"అర్థమయ్యేటట్ల చెప్పు."

"మా షాపే తీసుకోండి. నాయనా చిన్నాయనా చాలు. అన్నను తీసేసినా..."

అమ్మ నా తొడ గిల్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది. నాయన ఫ్యాను రెక్కలను చూడసాగాడు. అన్న ముఖం నీళ్ళు పోయని మొక్కలా వాడిపోయింది.

సర్దుదామని నోరు తెరిచాను. చూశారా నా తెలివి! "సర్కారు లెక్కలో అన్న ఉద్యోగస్తుడే మామా! వారంలో ఒక గంట పని చేసినా చాలు!"

"ఒక గంటేనా చేసేది?" అన్నారు పెద్దాయన.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడు పెళ్ళికూతురే నాయనను అడిగింది. "మామా, ఈయన లేకున్నా నిజంగా షాపు జరుగుతుందా?"

నాయన ఫ్యాను మీంచి చూపు దించాడు. "జరుగుతుందమ్మా," అన్నాడు చివరికి.

"అట్లయితే ఈయనే ఇక్కడికి వచ్చి ఉండొచ్చు కదా? ముందు నన్ను చూడొచ్చినోళ్ళంతా మా షాపు విడిచి రాలేము, నువ్వే పని విడిచి రా అన్నారు. నేను విడవను."

అన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "వస్తా. మన ఏలకులే ఇక్కడ అమ్ముకుంటా." ఆమె నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

పెళ్ళయి అన్న పోదనూరులో స్థిరపడ్డాడు. నా సిద్ధాంతం అక్షరాలా నిజమైంది, తేని షాపులో వ్యాపారం ఏమాత్రం తగ్గలేదు. నాయన మాత్రం రోజూ అలవాటుగా మూడు టీలు చెప్పి, మూడోది చల్లారేదాకా దాన్నే చూస్తూ ఉండేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"అమ్మణీ, షాపులో పని మించిపోతా ఉండాది. నువ్వు వస్తివంటే బాగుంటుంది."

పరుగున వెళ్ళాను. పని ఏదీ లేదు! టీ మాత్రం వేడిగా ఉంది. నన్ను చూడగానే నాయన ముఖం వెలిగింది. అన్న కుర్చీ లాక్కుని ఆ టీ అందుకున్నాను.

కాబట్టి ఏలకుల బస్తాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పెళ్ళిచూపుల్లోనూ పాఠం చెప్పను. చెప్పినా మా ఇంటిని ఉదాహరణగా తీసుకోను. ఉద్యోగాల లెక్కకు సర్వేవాళ్ళు వచ్చి నీ పనేమిటని అడిగితే, నాయనతో టీ తాగడమని చెబుతాను. వేరే పని వెతుకుతున్నావా అంటే, లేదనే చెబుతాను.