జంతికల నూనె పట్టించిన ట్రక్

పాసయ్యానండీ! డిగ్రీ వచ్చేసింది! ఆఖరి సబ్జెక్ట్ గ్రేడ్ ఇందాకే పోర్టల్‌లో పడింది. నేను పనిచేసే పళ్ళ డాక్టర్ ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో, కార్‌లో కూర్చుని నాలుగుసార్లు రిఫ్రెష్ చేసి చూశాను, ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. ముప్పై ఒకటో ఏట, మొదలుపెట్టిన పన్నెండేళ్ళకి! మా నాన్న వైపు, మా అమ్మ వైపు ఎంత పైకి వెతికినా డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. కానీ మంగళవారం పొద్దున ఫోన్ ఎవరెత్తుతారు? అత్తయ్య ఎత్తలేదు, మావయ్య మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టాడు, నాన్నేమో డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోన్ లాకర్‌లో పెట్టేస్తాడు. బయట ఆకాశం కడిగిన బొగ్గులా ఉంది. ఉప్పు లారీ ఒకటి రోడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ మెల్లగా పోతోంది. ఇంత సంతోషంలోనూ ఆ లారీని చూడగానే మా పాత ట్రక్ గుర్తొచ్చింది. అందుకే మీకు చెప్తున్నా.

ఆ రోజుల్లో, అంటే నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఏ వస్తువునైనా గట్టిగా కాపాడుకుంటే అది పోదని నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకే జాలేస్తుంది. మేం దక్షిణాన, మంచు పెద్దగా పడని బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. అత్తయ్య, అంటే నాన్న అక్క, మమ్మల్ని స్పాన్సర్ చేసి అమెరికా రప్పించినప్పుడు నేను ఏడో క్లాసు. నాన్న ఇండియాలో లారీ డ్రైవర్, ఇక్కడ ఏం చేయాలో తెలీక కొన్నాళ్ళు పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్‌లో చేసి, చివరికి ఒక పాత పికప్ ట్రక్ కొన్నాడు. మా ఊళ్ళో ఐటీ కాంట్రాక్ట్ ఉద్యోగాల తెలుగువాళ్ళు ఎక్కువ గదా, ఆర్నెల్లకోసారి ప్రాజెక్ట్ మారుద్ది, అపార్ట్‌మెంట్ మారుద్ది. వాళ్ళ సోఫాలు, మంచాలు, దేవుడి మందిరాలు అన్నీ మా ట్రక్‌లోనే ఊరు దాటేవి. నాన్నని అందరూ 'ట్రక్ అంకుల్' అనేవాళ్ళు. నాన్న ట్రక్‌ని 'పెద్దమ్మాయి' అనేవాడు. నేను చిన్నమ్మాయిని. (ఇద్దరిలో ఎవరికి ముందు స్నానం చేయించేవాడో చెప్పక్కర్లేదు.)

ఒకరోజు మూడో అంతస్తు నుంచి ఒక అంకుల్ గారి ట్రెడ్‌మిల్ దించుతుంటే నాన్న నడుం పట్టేసింది. పట్టేసిన నడుం మళ్ళీ వదల్లేదు. (ఆ అంకుల్ ఆ ట్రెడ్‌మిల్ మీద బట్టలారేసుకోవడం తప్ప ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదట.) సరిగ్గా అప్పుడే నాకు ఉత్తరాన, మంచు పడే షామ్‌బర్గ్ దగ్గర కాలేజ్‌లో సీటొచ్చింది. అత్తయ్య వాళ్ళ ఇల్లు అక్కడే, బేస్‌మెంట్ ఖాళీ. కార్ లేకపోతే అక్కడ కాలేజ్‌కి పోలేం. నాన్న ట్రక్ తాళాలు నా చేతిలో పెట్టాడు.

"అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారంట గదా. రోడ్డుకి ఊరగాయేమన్నా పెడతారా ఏంది?" అన్నాడు.

"మంచు కరగడానికి నాన్నా."

"ఏదన్నా గానీ, ఇనుముకి ఉప్పు తగిలిందంటే చెద పట్టినట్టే. మే నెలకి నా నడుం కుదురుకుంటది. నేనొచ్చి బండి తెచ్చుకుంటా, మళ్ళీ పని మొదలెట్టాల. అందాకా మీ అక్కని జాగర్తగా చూసుకో చిన్నీ."

నేను బయల్దేరే ముందు రెండు రోజులు, ఆ నడుంతోనే ట్రక్ కింద పడుకుని అడుగంతా నల్లరంగు వేశాడు. సాయం చేస్తానంటే "రంగు కళ్ళలో పడుద్ది, లోపలికి పో" అని కసిరాడు. అమ్మ కిరాణా కొట్లో పార్ట్ టైమ్ చేస్తోంది, దానితో ఇల్లు ఎన్నాళ్ళు నడుస్తుంది? మేలో ఆ ట్రక్ మళ్ళీ రోడ్డెక్కాలి, మా ఇల్లు మళ్ళీ నడవాలి. అంతా నా చేతిలో ఉంది. "నువ్విచ్చినట్టే తెచ్చిస్తా నాన్నా" అని మాటిచ్చాను.

షామ్‌బర్గ్‌లో నవంబర్ అంటే మీకు తెలుసో తెలీదో. నాలుగున్నరకే చీకటి. బేస్‌మెంట్ కిటికీ నేలకి ఆనుకుని ఉంటుంది, అందులోంచి గడ్డి వేళ్ళు, బూట్లు తప్ప ఏమీ కనపడవు. క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. రోజుకి నేను మాట్లాడే మాటల్లో సగం ట్రక్‌తోనే. అలాంటి ఒక సాయంత్రం మొదటిసారి ఉప్పు లారీ మా వీధిలోకొచ్చింది. చల్లిన ఉప్పు టపటపా ట్రక్ తలుపుకి తగులుతుంటే నన్నే కొట్టినట్టనిపించి, బేస్‌మెంట్ మెట్లు రెండేసి ఎక్కి నాన్నకి ఫోన్ చేశాను.

"కంగారు పడమాక. కాలిన ఇంజన్ ఆయిలు అడుగంతా కొట్టించు. మన లారీలకి అదే గదా కొట్టించేది. నీళ్ళు నిలవ్వు, తుప్పు రాదు."

అత్తయ్య పక్కనుంచి వింది. మా అత్తయ్య టెన్త్ ఫెయిలైనా ఇంట్లో డేకేర్ నడిపి ఎంతమంది పిల్లల్ని పెంచిందో లెక్కలేదు, ఆవిడకి తెలియని విషయం ఉండదు. "ఇంజన్ ఆయిలా? నా డ్రైవ్‌వేలోనా? కాలనీ అసోసియేషన్ వాళ్ళు చెత్తడబ్బా గంట ఆలస్యంగా లోపల పెడితేనే ఉత్తరం పంపిస్తారు. ఒక్క చుక్క కారిందా, ఇంక చూస్కో! నూనే గదే కావాల్సింది? నా దగ్గర బోలెడుంది" అని గ్యారేజ్ తలుపు తీసింది.

ఇక్కడ మన ఆడవాళ్ళ పద్ధతి తెలుసు కదా. ఇల్లంతా వాసనొస్తుందని, పొగ అలారం అరుస్తుందని, దీపావళి పిండివంటలన్నీ గ్యారేజ్‌లో గ్యాస్ స్టవ్ పెట్టి వండుతారు. ఆ ఏడు నాలుగు కుటుంబాలు కలిసి రెండు రోజులు జంతికలు, చెక్కలు, మిరపకాయ బజ్జీలు వేశారు. వాడిన నూనె సింక్‌లో పోస్తే పైపులు పట్టేస్తాయి, చెత్తలో పోయకూడదు, పారేయడానికి మనసొప్పదు. అలా రెండు పెద్ద డబ్బాలు మూలన ఉన్నాయి. నల్లగా, చిక్కగా, అడుగున వాము గింజలు.

మావయ్యకి ఐటీలో పెద్ద ఉద్యోగం. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేను చూడలేదు. "థియరిటికల్‌గా కరెక్టే అమ్మా. నీరు, నూనె కలవవు. కోటింగ్ ఈజ్ కోటింగ్" అని తేల్చేశాడు. శనివారం పొద్దున గ్యారేజ్‌లో మావయ్య, నేను చెరో యోగా మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని, పెయింట్ బ్రష్‌లతో ట్రక్ అడుగంతా జంతికల నూనె పట్టించాం. అత్తయ్య పైనుంచి టార్చ్ వేసి పట్టుకుంది.

"ఆ మూల వదిలేశావే! పసిపిల్లకి ఒళ్ళంతా పట్టించినట్టు పట్టించాలి, సందుసందులోకీ పోవాలి."

"నా కళ్ళలో పడుతోందే!"

"పడితే మంచిదే, చలవ" అంది అత్తయ్య. అందులో మిరపకాయ బజ్జీలు కూడా వేశారన్న సంగతి మావయ్యకి మరుక్షణమే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి "ఆయిల్ పట్టించాం నాన్నా" అన్నాను. ఏ ఆయిలో చెప్పలేదు. అది మొదటి అబద్ధం.

ట్రక్ నాలుగు మైళ్ళు పోయి వేడెక్కగానే జంతికల వాసన మొదలయ్యేది. కాలేజ్ పార్కింగ్‌లో దిగితే జనం తలలు తిప్పి ఎక్కడ ఫుడ్ ట్రక్ అని వెతికేవాళ్ళు. పక్కింటావిడ కుక్క వాకింగ్‌కి వస్తే చాలు, ఆవిణ్ణి ఈడ్చుకుంటూ వచ్చి మా ట్రక్ చక్రాల వెనక రబ్బరు పలకలు నాకేది. "మా వాడికి మీ ట్రక్ అంటే ప్రాణం" అని ఆవిడ మురిసిపోయేది. ఆదివారం ఆదివారం నాన్న ఫోన్. నువ్వెలా ఉన్నావు అనేవాడు కాదు, "కింద చూశావా? కడిగావా?" అనేవాడు. సరే కడుగుదామని జనవరిలో బకెట్లతో వేణ్ణీళ్ళు మోసి ట్రక్ కింద కొట్టాను. పది నిమిషాల్లో తలుపులు గడ్డకట్టి బిగుసుకుపోయాయి, డ్రైవ్‌వే అద్దంలా అయ్యింది, మావయ్య లాప్‌టాప్ బ్యాగ్‌తో సహా మెయిల్‌బాక్స్ దాకా కూర్చునే జారాడు. మూడో రోజు కాలనీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. నవ్వొస్తోంది కదూ. అప్పుడు నాకు నవ్వు రాలేదు. చేతులు పగిలి రక్తం కారేవి, క్లాసులో పెన్ను పట్టలేకపోయేదాన్ని. కింద చెయ్యి పెడితే నూనె నూనెలా లేదు, బంకలా సాగుతోంది, ఆ బంకకి ఇసకా ఉప్పూ అతుక్కుని పెచ్చుకట్టింది. "కింద ఎట్లుంది?" అంటే "అద్దంలా ఉంది నాన్నా" అనేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ట్రక్ స్టార్ట్ అవలేదు. టో చేయించి, మెయిన్ రోడ్డు వెనక చిన్న షెడ్డు నడిపే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. పోలండ్ నుంచి వచ్చిన పెద్దాయన, మాటలు తక్కువ. ట్రక్‌ని పైకి లేపి కిందికి వెళ్ళి నిలబడ్డాడు. వాసన చూశాడు. వేలితో గీకి మళ్ళీ వాసన చూశాడు.

"దీన్ని ఎవరైనా తిన్నారా?" అన్నాడు.

తిన్నారు. ఎలుకలు. వైర్లన్నీ కొరికేసి, ఇంజన్ పక్కన గూడు కట్టుకున్నాయి. ఆయన గూడు తీసి చూపిస్తే అందులో సగం జంతిక ముక్క, ఏ మూల నుంచి ఎత్తుకొచ్చాయో, దర్జాగా ఉంది. తర్వాత ఉలిలాంటిది తీసుకుని బంక గీకడం మొదలెట్టాడు. బంక కింద తడి ఉప్పు. ఉప్పు కింద నాన్న వేసిన నల్లరంగు, బ్రష్ గీతలతో సహా. దాన్ని కూడా గీకితే అప్పడంలా పెళపెళా ఊడింది. నా పిడికిలి పట్టేంత కంత.

నేను అక్కడే ఏడ్చేశాను. నేనే పాడు చేశానని, ఉప్పు రాకుండా కాపాడమంటే ఉప్పులోనే ఊరబెట్టానని, మేలో మా నాన్న వస్తాడని, నాకొచ్చిన ఇంగ్లీషంతా కలిపి చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"నీ నూనె పాపం వైర్ల వరకే. వైర్లు నేను బాగుచేస్తా. ఈ తుప్పు ఒక చలికాలానిది కాదు, పదేళ్ళది. ఈ బండి ముందు కూడా చలి ఊళ్ళోనే పెరిగింది. ఈ రంగు వేసినతను దీన్నంతా చూసే వేశాడు. చూడు, కంతల అంచుల దాకా ఎంత ఓపిగ్గా వేశాడో. వేసవి దాకా జాగ్రత్తగా నడుపు. ఆ తర్వాత వద్దు" అన్నాడు.

అంటే మా పెద్దమ్మాయి పుట్టింటికే వచ్చిందన్నమాట. తిరిగొచ్చే బండి కాదని నాన్నకి ముందే తెలుసు. మరి ఆ నడుం కూడా తిరిగి రాదని తెలుసా? ఇంటికొచ్చి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు అదే ఆలోచించాను. ఆ ఆదివారం ఫోన్ మోగింది. "కింద చూశావా?" "చూశాను నాన్నా." "ఎట్లుంది?" "అద్దంలా ఉంది." "మంచిది" అన్నాడు.

మేలో నిజంగానే వచ్చాడు, పన్నెండు గంటలు బస్‌లో. నీళ్ళు కూడా తాగకుండా డ్రైవ్‌వేలో వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. బయట కాళ్ళు రెండే కనపడుతున్నాయి. నేను నా బూట్ల వంక చూస్తూ నిలబడ్డాను.

"ఏందే చిన్నీ, జంతికల వాసనొస్తంది?"

చెప్పాను. కాళ్ళు ఊగడం మొదలెట్టాయి. నవ్వుతున్నాడనుకుని అత్తయ్య కూడా నవ్వింది. చాలాసేపు ఊగాయి. మరీ అంత నవ్వా అనిపించింది నాకు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతి నిండా తుప్పు పెచ్చులు. వాటిని ప్యాంటుకి తుడిచేసుకుని "బాగా చూసుకున్నావు. ఉప్పు తగల్లా" అన్నాడు.

"తగల్లేదు నాన్నా."

"ఇంత దూరం ఎందుకులే మళ్ళీ తోలుకుపోవటం. ఈడే ఇచ్చేద్దాం." అంతే. పాత ఇనుము యార్డ్ వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. సోఫాలు కట్టే నైలాన్ తాడొకటి మాత్రం విప్పి నాకిచ్చాడు. ఆయన మళ్ళీ గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో, ఎత్తు స్టూల్ మీద చేరాడు. నేను చదువాపి పనిలో చేరాను, తర్వాత సెమిస్టర్‌కి ఒక సబ్జెక్ట్, కుదరకపోతే అదీ లేదు. అలా పన్నెండేళ్ళు. రంగు సంగతి నాకు తెలుసని ఆయనకి తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు. చలికాలంలో యోగా మ్యాట్ మీద పడుకుని, ముఖాన జంతికల నూనె కారుతుంటే 'నువ్విచ్చినట్టే తెచ్చిస్తా' అనుకున్న ఆ పిల్లని తలుచుకుంటే మాత్రం, వెళ్ళి భుజం తట్టి, ముందు ముఖం కడుక్కోవే అని చెప్పాలనిపిస్తుంది.

లంచ్ టైమ్ అవుతోంది, ఫోన్ చేయాల్సిన వాళ్ళు ఇంకా ఇంతమంది ఉన్నారు:

అత్తయ్య. డేకేర్ పిల్లలు నిద్రపోయాక. ముందు ఏడుస్తుంది, తర్వాత అంతా తన నూనె చలవే అంటుంది.

మావయ్య. మీటింగ్ అయ్యాక. ఆ డ్రైవ్‌వే సంగతి ఎత్తకూడదు.

అమ్మ. కొట్లో రష్ తగ్గాక.

పక్కింటావిడ. కుక్క పోయి చాలా ఏళ్ళయింది పాపం, అయినా చెప్పాలి.

మెకానిక్ పెద్దాయన. షెడ్డు మూసేశారు. నంబర్ అదేనో కాదో, ఒకసారి కొట్టి చూస్తాను.

ట్రెడ్‌మిల్ అంకుల్. నాన్న కోసం. ఆయనకి కోపం లేదు, నాకే కొంచెం ఉంది.

నాన్న. నాలుగింటికి, లాకర్ తీశాక. ఎత్తగానే "ఉప్పు చల్లుతున్నారంట, కార్ కింద కడిగావా?" అంటాడు. ఈసారి నిజమే చెప్తా. కడగలేదు నాన్నా, ముందు నా మాట విను.