తొమ్మిదేళ్లు ఆలస్యంగా తాగిన పసుపు టీ

విజయవాడ స్టేషన్‌లో పొద్దున ఆరుంపావుకి చెన్నై వెళ్లే బండి ఎక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది. సంచిలో ఒక జత బట్టలు, తువ్వాలులో చుట్టిన రెండు పొడవాటి గాజు గ్లాసులు ఉన్నాయి. "ఆ ఊళ్లో గ్లాసులు ఉండవా?" అని మా ఆవిడ నవ్వింది. ఈ టీని స్టీలు గ్లాసులో పోస్తే చూడటానికి ఏమీ ఉండదని ఆవిడకి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

అంతకు మూడు రోజుల ముందు కరుణమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఇంక ఇంటికి తీసకపొమ్మన్నారు డాక్టర్లు. ఆయన ఒకటే మాట అంటుండాడు. భాస్కరన్నని రమ్మను, డబ్బా తీద్దాం అని." ఆ మాట వినగానే దొరికిన మొదటి టిక్కెట్టు తీసుకున్నాను. ఆమె భర్త దేవదానం నాకు తమ్ముడి లాంటివాడు. సరుకుల ఓడలో ఎనిమిదేళ్లు కలిసి పనిచేశాం. నేను ఇంజిన్ గదిలో ఫిట్టర్ని, అతను వంటింట్లో రెండో వంటవాడు. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డునే వాళ్ల పల్లె. ఓడ దిగాక నేను విజయవాడలో ఉండిపోయాను. అతను ఊరికి పోయి చర్చి పక్కన ఇల్లు కట్టుకున్నాడు.

తెనాలి దాటాక ఎదుటి సీటాయన పలకరించాడు. సింగరాయకొండలో దిగే ఎరువుల వ్యాపారి. ఎందుకెళుతున్నారంటే, పసుపు టీ తాగడానికి అన్నాను.

"పసుపు వేసి కాస్తారా? జలుబుకి మంచిదేలెండి."

పసుపు వేయరని, చైనా ఆకే ఆ రంగులో ఉంటుందని చెప్పాను. ఆయన అడిగాడు కాబట్టి, మీరూ ఎప్పుడైనా అడుగుతారు కాబట్టి, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

మా ఓడలో పెద్ద వంటవాడు చౌ అనే ముసలాయన. హునాన్‌లో ఒక పెద్ద సరస్సు, అందులో జున్‌షాన్ అనే చిన్న దీవి, ఆ దీవికి ఎదుటి ఒడ్డున ఆయన పుట్టిన ఊరు. వసంతం మొదట్లో ఇంకా విచ్చుకోని మొగ్గలు మాత్రమే గిల్లుతారట. వాటిని గోరువెచ్చటి బాణలిలో కాసేపు కదిపి, వేడి ఆరకముందే కాగితంలో పొట్లం కట్టి, పెట్టెలో దాచేస్తారు. రోజు, రోజున్నర ఆగి విప్పి, కొంచెం ఆరబెట్టి, మళ్లీ కడతారు. ఆ మగ్గడంలోనే పచ్చిదనం పోయి, రంగు పసుపుకి తిరుగుతుంది. పొట్లం కట్టకుండా నేరుగా ఆరబెడితే అది గ్రీన్ టీయే. పొట్లం ఎప్పుడు విప్పాలో చేత్తో తాకి తెలుసుకోవాలి. అందుకే చేసేవాళ్లు తగ్గిపోయారని, వాళ్ల అన్న కొడుకులు కూడా గ్రీన్ టీకి మళ్లిపోయారని చౌ బాధపడేవాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల హడావుడి తగ్గాక వంటింట్లో ముగ్గురం కూర్చునేవాళ్లం. నీళ్లు మరిగాక దించి, వేలు పెట్టలేనంత వేడి ఉండగానే, కానీ మరుగు పూర్తిగా అణిగాక, గ్లాసులో సగం పోయాలి. కాసేపు ఆగి మిగతా సగం పోయాలి. మొగ్గలు పైకి తేలి, నిటారుగా నిలబడి, మెల్లగా అడుక్కి దిగుతాయి. కొన్ని మళ్లీ లేస్తాయి. లేత మొక్కజొన్న ఉడికించిన నీళ్లలో ఉండే తీపి, చివర్లో నాలుక మీద కొంచెం వేయించిన పప్పు వాసన. ఇంజిన్ గదిలో నూనె పొగ మింగీ మింగీ మొద్దుబారిన నా నాలుకకి కూడా అది తెలిసేది.

చౌ ఉద్యోగం మానేసి వెళ్లేరోజున తన ఊరి టీ ఒక డబ్బా దేవదానం చేతిలో పెట్టాడు. ఇద్దరూ కలిసి తాగండి అన్నాడు. ఇంకో రెండు నెలలకి మేమూ దిగిపోయాం. "డబ్బా నా దగ్గరుంటది. నువ్వు మా ఊరికొచ్చినప్పుడు తీద్దాం" అన్నాడు దేవదానం. వస్తానన్నాను. క్రిస్మస్‌కి రమ్మంటే సంక్రాంతి దాటాక అన్నాను, ఎండాకాలం అంటే వానలు పడనీ అన్నాను. అలా తొమ్మిదేళ్లు అయింది. విజయవాడ నుంచి కావలి నాలుగు గంటల దూరం కూడా లేదు.

కావలిలో దిగేసరికి పదికి అయిదు నిమిషాలు తక్కువ. స్టేషన్ బయట హోటల్లో కారం దోసె తిన్నాను. నెల్లూరు జిల్లాలో అడుగుపెట్టి అది తినకుండా వెళ్లకండి. బస్టాండులో పదీ నలభైకి పల్లె బస్సు దొరికింది, ముప్ఫై రూపాయల టిక్కెట్టు. హైవే దాటాక దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు. దేవదానం ఇంటికి ఎక్కడ దిగాలని కండక్టరుని అడిగాను.

"చర్చి కాడ దిగండి. ఆయనకి బాగలేదంట గదా. నిన్న పాస్టరు గారు గూడా ఈ బస్సులోనే పొయ్యినారు." నా టిక్కెట్టు చించి ఇచ్చాడు.

పదకొండున్నరకి ఇల్లు చేరాను. వరండాలో మంచం వేశారు, గాలి తగులుతుందని. ఓడలో బియ్యం బస్తా ఒంటి చేత్తో లేపిన మనిషి దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియలేదు. కడుపులో మొదలైన జబ్బు అన్నిచోట్లకీ పాకిందట. చెంచాతో పోస్తే నాలుగు చుక్కలు మింగుతాడు, అంతే. సంచి దించి మంచం పక్కన కూర్చున్నాను. అతనే నవ్వాడు.

"వచ్చినావా అన్నా. వానలు పడినయ్యా?"

నన్ను అంతకు మించి దెప్పలేదు. ఆ ఒక్క మాటకే తల దించుకున్నాను.

కరుణమ్మ నాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. వద్దంటే వినలేదు. పక్కింటివాళ్ల దగ్గర కొన్న చేపేనని, పొద్దున్నే సముద్రంలో పట్టిందని చెప్పింది. నేను తింటుంటే మంచం మీంచి దేవదానం చూస్తూ పడుకున్నాడు.

మూడు గంటలకి అతను మందుమత్తు నుంచి తేరుకున్నాడు. కరుణమ్మ బీరువా తెరిచి, తెల్లటి తువ్వాలు విప్పి, డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎరుపు, బంగారు రంగుల డబ్బా, ఒక్క సొట్ట కూడా లేదు. మూత మీద తుప్పు లేదు.

"ఎంత భద్రంగా ఉంచావమ్మా" అన్నాను.

"మరి ఆయన ప్రాణమంతా దీని మీదే గదన్నా" అంది సంతోషంగా. "ఊరికే మూత బెట్టి ఉంచితే పురుగు పట్టదా? మొదటేడు తీసి చూస్తే మెత్తగా అనిపించినాది. అప్పట్నుంచీ ఏటా మే నెల్లో మిద్దె మీద ఎండబోసి డబ్బాకి ఎత్తినా. మిరపకాయలు, నెత్తళ్ల చేపలు ఎండబెట్టే పూటే ఇదీ చాప మీద పోసేదాన్ని. కాకులు రాకుండా కర్ర పట్టుకోని ఆడ్నే కూర్చునేదాన్ని, పొద్దు కుంకేదాకా."

మూత తీశాను. ముందు వచ్చింది ఎండు చేపల వాసన, దాని వెనకే మిరప ఘాటు. సన్నటి నూగుతో బంగారం ఛాయలో ఉండే మొగ్గలు ఎండు గడ్డి రంగులో ఉన్నాయి, సగం విరిగిపోయి. మధ్యలో ఒక మిరప గింజ. ఈ తీరంలో ఏది పోకూడదనుకుంటే దాన్ని ఎండలో పెడతారు. చేపైనా, చింతపండైనా, పెసలైనా. ఆమెకి తెలిసిన భద్రం అదే, ఏ లోటూ లేకుండా చేసింది. టీ ఆకు పక్కనున్న ప్రతి వాసననీ పీల్చుకుంటుందని ఆమెకి ఎవరు చెప్పారు? తొలి ఏడాదే నేను వచ్చి ఉంటే ఆ డబ్బా మిద్దె ఎక్కేదే కాదు. ఆ టీని పాడుచేసింది నేనే.

తల ఎత్తితే దేవదానం నన్నే చూస్తున్నాడు. కరుణమ్మ అతన్ని చూస్తోంది. నీళ్లు పెట్టమన్నాను.

మరుగు అణిగాక సగం గ్లాసు పోశాను. మొగ్గలు నిలబడలేదు, చెత్తలా పైనే తేలాయి. మిగతా సగం పోసేలోపు కరుణమ్మ కొంగు తలమీదికి కప్పుకుని కళ్లు మూసుకుంది. వాళ్లింట్లో ప్రార్థన కాకుండా ఏదీ నోట్లో పెట్టరు. "తండ్రీ, తొమ్మిదేళ్లు ఈ ఆకుని పురుగు పట్టకుండా కాపాడినావు, స్తోత్రం. ఈ అన్నని క్షేమంగా తీసుకొచ్చినావు, స్తోత్రం. ఆయన అడిగింది ఒక్కటి ఇయ్యగలిగినాను, స్తోత్రం." ఆ ప్రార్థన చాలాసేపు సాగింది. నేను కళ్లు మూసుకోలేకపోయాను. గ్లాసులో నీళ్లు ముదిరి గోధుమ రంగుకి తిరిగాయి.

ఆమే చెంచాతో పోసింది. అతను మింగి, కళ్లు మూసుకున్నాడు.

"అదేనా?" అంది.

"అదే. చౌ ముసిలాయన చేసిందే" అన్నాడు.

నేనూ తాగాను. ఉప్పు, కారం, నీచు. ఎంత వెతికినా అడుగున ఎక్కడా ఆ తీపి లేదు. బాగుందని తల ఊపాను. కరుణమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, పాస్టరు గారికి కూడా ఒక గ్లాసు ఇచ్చి వస్తానని చర్చి వైపు వెళ్లింది.

ఆమె గేటు దాటేదాకా దేవదానం ఆగాడు. "ఏటా చూస్తానే ఉండినా అన్నా. మొదటేడే చెప్పుండాల్సింది. ఎండలో ఆ కర్ర పట్టుకోని కూర్చోనుంటే ఎట్టా చెప్పేది? రెండో ఏడు చెబితే, మొదటేడు ఎందుకు చెప్పలేదని ఏడుస్తది. అట్నే జరిగిపోయినాది." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "ఆ రుచి తెలిసినోళ్లం మనిద్దరమే. నేను పొయ్యినాక నిన్ను అడుగుద్ది. చెప్పబాకన్నా."

చెప్పనన్నాను. అతని చెయ్యి పట్టుకున్నాను. ఆలస్యం చేశాను, క్షమించమని అడిగాను. అతను అప్పటికే మళ్లీ మత్తులోకి జారుకున్నాడు, విన్నాడో లేదో నాకు తెలియదు.

అయిదు గంటల బస్సుకి కరుణమ్మ చర్చి దాకా వచ్చింది. ఆమె నన్ను అప్పుడే అడిగేసింది. "నేనూ ఒక గుక్క తాగినా అన్నా. నాకు నీచు వాసనొచ్చినాది. చీనావాళ్ల టీ అట్నే ఉంటదేమోలే అనుకున్నా. నువ్వు ఆ రోజుల్లో తాగినావు గదా, అదే రుచేనా?"

"అదే రుచమ్మా" అన్నాను.

"అయితే సరే" అని ఊపిరి పీల్చుకుంది. "ఎట్టా పొయ్యాలో సరిగ్గా చెప్పు, నేను పోసిస్తా." మరుగు ఎప్పుడు అణుగుతుందో, సగం పోసి ఎంతసేపు ఆగాలో, అన్నీ చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంది. గాజు గ్లాసులు రెండూ అక్కడే వదిలేశాను.

కావలిలో ఏడు గంటలకి విజయవాడ బండి. టిఫిను కొనుక్కున్నాను కానీ విప్పలేదు. ఒంగోలు వస్తుండగా ఫోన్ మోగింది. దేవదానం లేచి టీ అడిగాడట. కరుణమ్మే పోసి ఇచ్చిందట, రెండు చెంచాలు మింగాడట.

"నీకంటే నేనే బాగా పోసినానన్నాడన్నా" అంది. ఆమె గొంతులో కొంచెం గర్వం.

"నిజమే అయ్యుంటుందమ్మా" అని పెట్టేసి ఏడ్చాను. పక్కనున్న ఒకావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

ఇన్నేళ్లు ఓడల్లో తిరిగాను, ఎన్నో రేవులు చూశాను. ఇంత దగ్గరి ప్రయాణం చేసి ఇంత బాధతో తిరిగి రావడం ఇదే మొదలు. మీకోసం ఎవరైనా ఏదైనా దాచి ఉంచితే ఆ వారమే బండి ఎక్కండి. ఈ దారి గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి అదే.

దేవదానం తొమ్మిదో రోజున పోయాడు. సమాధి కార్యక్రమానికి వెళ్లినప్పుడు కరుణమ్మ ఖాళీ డబ్బా చూపించింది. చివరిదాకా పొద్దున, సాయంత్రం ఆ టీయే పోసిందట. మందులు వద్దని, పాలు వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాడు దాన్ని మాత్రం ఒక్కసారి కూడా వద్దనలేదట.