చీనా కుర్రాడి బ్యానరు

ఆ రోజుల్లో నేను చేసేది తప్పని ఎవరైనా అంటే, పాపం వాళ్లకి తెలివి తక్కువని జాలిపడేవాణ్ణి. (ఇరవై రెండేళ్లప్పుడు అది జబ్బు కాదు లెండి, వయసు.) కోనసీమ నుంచి కువైట్ వచ్చి, సాల్మియాలో ఆటల బట్టలూ బూట్లూ అమ్మే షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. ఓసారి కంపెనీవాళ్లు చైనా కుర్రకారు కోసం వేయించిన బ్యానరొకటి పొరపాటున మాకు పంపేశారు. ఎర్రటి గుడ్డ మీద ట్రాక్‌సూట్ తొడిగిన చైనా కుర్రాడు గాల్లోకి ఎగురుతుంటాడు, పక్కన ఇంతేసి చైనా అక్షరాలు. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన షాపు ఓనరు, చూసి, "ఇక్కడ ఇది చదివేదెవరు? ఖలాస్, పారెయ్" అన్నాడు. నేను పారేస్తానా? "చదవక్కర్లేదు సార్, ఎగరడం కనిపిస్తే చాలు. ఇది చూసి ఒక్కరైనా రాకపోతే నా పేరు మార్చుకుంటాను" అని షాపు ముందు కట్టాను. ఆర్నెల్లయినా దాన్ని చూసి వచ్చిన పురుగు లేదు. వచ్చినవాళ్లనల్లా అడిగేవాణ్ణి. చల్లగా ఉందని వచ్చామనేవారు.

అంతలో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. కఫీల్ కుటుంబంతో సహా ఎటో వెళ్లిపోయాడు. మనవాళ్లంతా బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్‌కి బయల్దేరారు. మనిషికో మూట అన్నారు. షాపు పైవాటాలో వంట చేసే కడప అక్క, వాళ్ల యజమానురాలు ముందే దేశం దాటేయడంతో, నా వెంటే వచ్చింది. నా మూట చూసి గుండెలు బాదుకుంది. "ఏం అబ్బీ, పిచ్చిగాని పట్టిందా నీకు? కట్టుకునే గుడ్డలు ఇడ్సిపెట్టి ఈ చీనా పిల్లోన్ని మోస్తాండావే!"

"షాపు సామానక్కా. ఓనరుకి అప్పజెప్పాలి. పైగా పందెం ఇంకా అవ్వలేదు" అన్నాను.

జోర్డాన్ సరిహద్దు ఇసకలో మూడు రోజులు పడిగాపులు. మూడోనాడు అమ్మాన్‌ తీసుకెళ్లే మా బస్సొచ్చింది. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఆ సీటు వేరేవాళ్లకిచ్చేస్తారు, మళ్లీ పిలుపెప్పుడో దేవుడికే తెలియాలి. నీళ్లకెళ్లిన అక్క రాలేదు. అన్నీ ఒకేలాంటి డేరాలు, ఆవిడకా చదువు రాదు. ఆవిడ లేకుండా మాత్రం కదిలేది లేదనుకున్నాను. డేరా కర్రకి బ్యానరు కట్టుకుని బస్సు టాపెక్కి నిలబడ్డాను. కింద డ్రైవరు "యల్లా, యల్లా!" అని అరుపులు, లోపల మనవాళ్ల తిట్లు, పైన గాలికి నా లుంగీ. బ్యానరు వదిలితే అక్క పోతుంది, లుంగీ వదిలితే మానం పోతుంది. బ్యానరే పట్టుకున్నాను. (చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.)

కాసేపటికి చంకలో నీళ్ల డబ్బాతో, ఏడుస్తూ, తిడుతూ పరుగెత్తుకొచ్చింది అక్క. "దోవ తెలీక తిరిగి తిరిగి సస్తి గదరా! ఈ ఎగిరే పిల్లోడు అగుపడకపోతే ఈడనే మన్నైపోదును!"

యుద్ధం అయ్యాక మళ్లీ కువైట్ వెళ్లాను. షాపులో గోడలు మాత్రమే మిగిలాయి. తిరిగొచ్చిన కఫీల్ చేతిలో బ్యానరు పెట్టి, "చూసి ఒకరొచ్చారు సార్" అన్నాను.

"ఏం కొన్నారు?"

"ఏమీ కొనలేదు సార్. మంచినీళ్లు తెచ్చారు."

ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసం నాకు. బూట్ల ప్రకటనలో ఎవరైనా ఎగురుతూ కనిపిస్తే, ఆ బస్సు మీది మొండివెధవ గుర్తొస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాను. అప్రయత్నంగా నడుం దగ్గర ఓసారి తడుముకుంటాను కూడా.