కాసులమ్మత్త ఫారిన్ ప్రాక్టీసు

మా కూర్మన్నపాలెంలో ఎవరు విదేశం వెళ్లాలన్నా పాస్‌పోర్టు, వీసా ఒక ఎత్తు, కాసులమ్మత్త పెట్టే ప్రాక్టీసు ఒక ఎత్తు. అత్త చేపలు అమ్మేది. పొద్దున హార్బరు, తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లుండే ఉక్కునగరం సెక్టార్లు. ఆవిడ తిరిగిన ప్రపంచం అంతే. అయినా ఫారిన్ వెళ్లేవాళ్లని ఊరికే వదిలేది కాదు.

"సలహా సెవికెక్కదు బాబూ, ఒంటికెక్కాల," అనేది.

గురునాథరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇంజినీరు. చేపలు బేరం చేస్తూ, రష్యా ట్రైనింగుకి తన పేరు వచ్చిందని నోరు జారారు. వారం తిరిగేసరికి అత్త ఆయన్ని హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లి, దిమ్మల మధ్య నిలబెట్టి తలుపు వేసింది.

"కాసులమ్మా, తలుపు తియ్యవమ్మా!"

"రష్యాలో తలుపెవుడు తీత్తాడు బాబూ? కాళ్లాడించండి!"

"నా కాళ్లెక్కడున్నాయో తెలియట్లేదు!"

"అదీ! రెండేసి జతల మేజోళ్లు ఎయ్యాలని ఇప్పుడు తెలిసిందా?"

ఓడలో ఉద్యోగం వచ్చిన తాతబాబుకి కడుపు నిండా ఉప్మా పెట్టి, పద్మనాభం ఊరెళ్లే బస్సు వెనక సీట్లో రానూ పోనూ తిప్పింది. వాడు దిగి రోడ్డు పక్కన కూలబడితే వీపు నిమిరింది. "నీకు సముద్రం అయిపోనాదిరా. ఇంక భయం నేదు."

తర్వాత నా వంతు వచ్చింది.

నాన్న మంచాన పడ్డప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. అప్పటినుంచి ఉక్కునగరంలో గౌరీశ్వరి గారి పాపను చూసుకునేదాన్ని. ఆవిడ భర్త మస్కట్‌లో ఉండేవారు. తనూ అక్కడికి వెళ్తూ, రెండేళ్లు నన్నూ రమ్మన్నారు. నాకు వెళ్లాలని ఉంది. ఎంత ఉందో ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నేనెవరికీ ఏదీ చెప్పను. అమ్మ భయం కూడా అదే.

"నోట్లో నాలిక నేని గుంట. ఆకలేసినా అడగదు. పరాయి దేశంలో ఎండిపోతాది. నాను పంపను," అని అత్త దగ్గర తేల్చి చెప్పేసింది.

"ఆదివారం మా ఇంటికి పంపు వదినా. పాక్టీసు ఎడదాం. అప్పుడు సూద్దూగాని," అంది అత్త.

మస్కట్ అంటే ఎండ కదా, మిట్టమధ్యాహ్నం ఇసకలో నిలబెడుతుందనుకున్నాను. నాలుగు రోజులు చెప్పుల్లేకుండా డాబా మీద నడిచి మరీ వెళ్లాను. అత్త నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ముందర ఖాళీ కంచం. పొయ్యి మీద వంజరం పులుసు ఉడుకుతోంది.

"ఇదే మస్కట్. అడిగితే ఎడతాను. అడక్కపోతే నేదు."

అడిగి తీరాలని గట్టిగా అనుకున్నాను. నోరు తెరిచాను.

"అత్తా..."

"ఏటి?"

"గిన్నెలు తోమనా?"

"గిన్నెలు తోమితే కడుపు నిండుతాదేటి? కూకో!"

మళ్లీ నోరు తెరిచాను. "పులుసు మంచి వాసనొస్తంది అత్తా."

"వాసన ఫ్రీ. ముక్క అడగాల."

గుమ్మంలో ఎండ జరిగి పెరటివైపు పోయింది. అమ్మ వచ్చింది. నన్నూ ఖాళీ కంచాన్నీ చూసింది.

"సెప్పినాను గదా వదినా, దీనివల్ల కాదని. లెగవే, ఇంటికి పద."

నేను లేవలేదు. లేస్తే మస్కట్ పోయినట్టే. రెండు చేతులతో పీట పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు అత్త మొగుడు గవర్రాజు మావయ్య పెరట్లోంచి వచ్చి నాకు దణ్ణం పెట్టాడు.

"అడిగీ తల్లీ, నీకు పున్నెముంటాది! నువ్వు తింటే గానీ మీ అత్త తినదు. పొద్దున్నించీ టీ కూడా తాగనేదు. నాకూ ఎట్టదు."

"నువ్వూరుకో!" అంది అత్త.

"ఎందుకూరుకోవాల? ఇంజినీరు బాబు కంటే ముందు ఐసులో నిలబడింది నువ్వు కాదేటి? వారం ముక్కు కారితే ఆవిరి ఎట్టింది నాను కాదేటి? ఆ పద్మనాభం బస్సులో తాతబాబు కంటే ముందు కక్కుకుందీ నువ్వే!" మావయ్య నా వైపు తిరిగాడు. "ముందు తన మీద సేసుకుని, పాణం పోదని సూసుకుంటే గానీ ఇంకోల సేత సేయించదమ్మా ఇది!"

అత్త మొహం తిప్పుకుంది. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"అత్తా, అన్నం ఎట్టు!" అన్నాను. గట్టిగానే.

"ఎవులికి?"

"నీకు."

"సెల్లదు. నీకోసం అడుగు."

కంచం ముందుకు తోశాను. "నాకాకలేస్తంది. నాకన్నం ఎట్టు. తోక ముక్క వొద్దు, నడుం ముక్క కావాల!"

అమ్మ చటుక్కున గుమ్మం పట్టుకుంది.

"ఇన్నాళ్లూ తోకే గదే తిన్నావు! ఇష్టమనుకున్నాను!"

"నువ్వెట్టినావని తిన్నాను."

అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత గుమ్మంలో చతికిలబడింది. "గౌరీశ్వరమ్మ గారికి సెప్పీ వదినా, గుంట వొస్తాదని. నాక్కూడా ఓ కంచం ఎయ్యి."

అత్త నడుం ముక్కలు నాకూ అమ్మకీ తనకీ పంచింది. తోక మావయ్య కంచంలో పడింది. ఆయన దాన్ని చూశాడు, అత్తని చూశాడు, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు.

పాపం, ఆయనకెవరూ ప్రాక్టీసు పెట్టలేదు.