రాగిపిండి డబ్బా, రేకుల కప్పు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మా పాప నా పక్కనే నిద్రపోతోంది, ఊపిరి ఆడుతోందా లేదా అని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడకుండానే నేను ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను, నా సాక్ష్యంలో సగం ఇదే!

పోయిన సంవత్సరం ఇలా లేదు. మా కృపకు ఆరో నెలలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. కర్నూలు ఆసుపత్రిలో మూడు రోజులుండి బిడ్డ నవ్వుతూ ఇంటికి వచ్చింది గాని, నేను మాత్రం ఆ ఆసుపత్రి మంచం దగ్గరే ఉండిపోయాను. పాపను ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. రాగులు నేనే కడిగి, మొలకెత్తించి, ఎండబెట్టి, పిండిమరకు కూడా పంపకుండా ఇంట్లోనే మిక్సీలో పట్టి, ఒక స్టీలు డబ్బాలో పోసుకొని, ఆ పిండితో నేను కాచిన జావ తప్ప దాని నోట్లో ఇంకేదీ పడనిచ్చేదాన్ని కాదు. ఒకరోజు మా అత్తమ్మ ప్రేమగా పప్పన్నం మెత్తగా నలిపి పెట్టబోతే చేయి పట్టుకొని ఆపేశాను. ఆమె కొంగుతో చేయి తుడుచుకొని లేచి వెళ్లిపోయింది. ఆ సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఈ భయం కింద ఎవరికీ చెప్పని భయం మరొకటి ఉండేది. పెళ్లికి ముందు, నా బి.ఎడ్. పూర్తయిన ఏడాది, ఆఫ్రికాలో మలావి దేశంలోని ఒక పల్లెటూరి బడిలో జీతం లేకుండా లెక్కలు చెప్పడానికి మా సంఘం నన్ను పంపింది. మట్టి గోడలు, గడ్డి కప్పు. వాన మొదలైతే పిల్లలు నోటు పుస్తకాలను కడుపు కింద పెట్టుకొని నేల మీద బోర్లా పడుకునేవారు, వీపు తడిసినా చేసిన లెక్క తడవకూడదని! ఆ తల్లులు మన సంగటిలాగే మొక్కజొన్న పిండితో ముద్ద చేసుకుంటారు, వాళ్లకే చాలకపోయినా నాకు పెట్టకుండా ఏనాడూ తినలేదు. తిరిగి వచ్చే రోజు ఆ పిల్లల చేతులు పట్టుకొని, "ప్రభువా, ఈ గదికి రేకుల కప్పు వేయించేదాకా నన్ను మరచిపోనియ్యకు" అని ప్రార్థించాను, వాళ్లంతా ఆమేన్ అని అరిచారు.

నేను మరచిపోయాను సహోదరులారా! పెళ్లి, కాపురం, కడుపుతో ఉండడం, వీటిలో పడి ఆ బడిని పూర్తిగా మరచిపోయాను. పాపకు ఫిట్స్ వచ్చిన రోజు అది గుర్తొచ్చింది. మాట తప్పినందుకు దేవుడు నా బిడ్డ మీద చేయి వేశాడనుకున్నాను. జ్వరం ఎక్కువైతే కొందరు పసిపిల్లలకు ఇలా అవుతుందని, పెద్దయ్యేకొద్దీ పోతుందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది, నా చదువుకు అది అర్థమైంది గాని నా గుండెకు అర్థం కాలేదు.

మా ఊరు డోన్ దగ్గర, నాపరాళ్ల గనుల మధ్య ఉంటుంది. ఆ గనుల్లో బండలు మోసి ముసలిదైన మరియమ్మవ్వ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా పక్కన కూర్చుంటుంది. ఒక శుక్రవారం ఆపుకోలేక ఆమె ఒళ్లో తల పెట్టి అంతా చెప్పేశాను.

"పిచ్చిదానా," అంది అవ్వ నా తల నిమురుతూ, "మాట మర్చిపోతే బిడ్డను పట్టుకునే దేవుడా ఆయప్ప? అట్లాంటోడైతే ఇన్నేండ్లు నేనెందుకు మొక్కుతాండా? మర్చిపోతివి, ఇప్పుడు గుర్తొచ్చె. గుర్తు చేసిండేదే ఆయన. కోత పండగ వస్తాండాది గదా, లేసి సంఘంలో చెప్పు."

మా సంఘంలో కోత పండుగ ఎలా జరుగుతుందో చెప్పాలి. ఎవరి చేలో పండింది వాళ్లు కానుకగా తెస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, పాడుకున్నవాళ్లు డబ్బు ఇచ్చి ఆ వస్తువును మళ్లీ బల్ల మీదే పెడితే మళ్లీ వేలం నడుస్తుంది. అలా ఒక్క గుమ్మడికాయ పది చేతులు మారుతుంది.

ఆ రోజు అక్కడే జావ కాచుకుందామని పిండి డబ్బా వెంట తీసుకెళ్లాను. సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు చంకలో పాప, చేతిలో మైకు, డబ్బాను కానుకల బల్ల అంచున పెట్టాను. ఆ బడి సంగతి, నేను మరచిన మాట సంగతి చెప్పి కూర్చున్నాను. సంఘ పెద్ద సామేలన్న కళ్లు తుడుచుకుంటూ లేచి, చేతికందిన మొదటి వస్తువును పైకెత్తాడు. నా రాగిపిండి డబ్బా!

"చెల్లెమ్మ తెచ్చిన రాగిపిండి! ఇది ఆ బడి కప్పుకే! ఏమప్పా, రాగిపిండంటే అంత సులకనా? పిల్లోళ్లు ఆడ తడుస్తాండారు, నోరు తెరవండప్పా!"

"ఊళ్లన్నిటికీ బండలు కోసిచ్చినోళ్లం, ఒక్క బడికి కప్పెయ్యలేమా!" అని వెనక నుంచి ఎవరో మొదలుపెట్టారు. ఇక ఆగలేదు. ఒకరు పాడడం, డబ్బా బల్ల మీద పెట్టడం, ఇంకొకరు పాడడం! అది కానుక కాదని చెబుదామని లేచి, మళ్లీ కూర్చున్నాను, ఆ పిల్లల కప్పు ఆ డబ్బా మీదే లేస్తోంది కదా! ఇంతలో కృప ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. పండుగ విందుకు వంట పూర్తయి అత్తమ్మ అప్పుడే కంచంలో పప్పన్నం తెచ్చుకుంది. మెత్తగా నలిపింది. కానీ పెట్టలేదు. నా ముఖం వైపు చూసి, "పెట్టేదామ్మా?" అంది.

ప్రభువా, నా చేతులు తెరువు అని లోపలే అనుకున్నాను. "పెట్టు అత్తమ్మా" అని పాపను ఆమె ఒళ్లో పెట్టాను. మలావిలో నేను ఎవరెవరి చేతి ముద్దలు తిని బతికానో అప్పుడు గుర్తొచ్చింది. పాప రెండో ముద్దకే ఏడుపు ఆపి, మూడో ముద్దకు అత్తమ్మ వేలు కొరికింది!

అంతలో వంటల దగ్గర నుంచి వచ్చిన మా ఆయన, "అన్నా, అది మా పాప డబ్బా! యాడ దొరికె నీకు?" అని అరిచాడు. సంఘమంతా గొల్లున నవ్వింది. సామేలన్న తల పట్టుకొని, "అయ్యో చెల్లెమ్మా, ముందే చెప్పకూడదా!" అంటుంటే మరియమ్మవ్వ లేచింది. "పాప కూడా కానుక ఇచ్చెనన్న మాట. ఇంగొక తూరి పాడప్పా సామేలూ!" మళ్లీ పాడారు! చివరకు పాడుకున్నవాళ్లు ఆ డబ్బాను తెచ్చి కృప కాళ్ల దగ్గర పెట్టారు.

ఆ డబ్బు మలావికి చేరి, వాళ్ల వానాకాలానికి ముందే బడికి రేకులు పడ్డాయి. మొన్న అక్కడి టీచరు వీడియో పంపింది, రేకుల మీద వాన మోతకు పాఠం వినిపించక పిల్లలు నవ్వుతున్నారు, పుస్తకాలు బల్లల మీదే ఉన్నాయి. దేవునికే మహిమ!

భయం ఒక్క రోజులో పోయిందని అబద్ధం చెప్పను. డాక్టరమ్మ నాకూ మందులిచ్చింది, వాడాను, ఆమె చేతిని కూడా దేవుడే వాడుకున్నాడు. కానీ ఆయన నా బిడ్డ కోసం పొంచి ఉన్నాడన్న ఆ భయం మాత్రం ఆ పండుగ నాడే పోయింది. నాలాగా బిడ్డను గట్టిగా పట్టుకొని నిద్రపోని తల్లి ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కా, చెల్లీ, ఎవరో ఒకరికి చెప్పుకో, ఆయనను నమ్మి ఆ పిడికిలి కొంచెం వదులు చేయి. నేను పట్టుకున్నదానికంటే భద్రంగా ఆయన పట్టుకున్నాడు.

ఆ డబ్బాలో ఇప్పుడు అత్తమ్మ చింతపండు పెట్టుకుంది. పాపకు అన్నం పెట్టే పని కూడా ఆమెదే, నన్ను దగ్గరికి కూడా రానివ్వడం లేదు.